రబ్బరు నూగు

రూపాయి బిళ్ళని టైరు గాడిలో నిలబెట్టి
చూపించాడు తవిటినాయుడు.
అంచు కూడా మునగలేదు.
"ఏటి మేడమ్, ఇది టైరా, బోడిగుండా?"

నాకు తెలుసు.
ఏ అరుగుదల ఎవరిదో కూడా తెలుసు.
ముందు ఎడమ టైరు బయటి అంచు భాగ్యలత టీచరుది.
ఏడు రోడ్ల దగ్గర మలుపు తిప్పినప్పుడల్లా
ఫుట్‌పాత్‌ని ఒరుసుకునే వెళ్తుంది.
కుడివైపు ఆ నున్నటి మచ్చ
సడన్ బ్రేకుల పార్వతీశానిది.
నాగావళి వంతెన మీద మేక కనపడితే చాలు,
రెండు కాళ్ళూ వేసేస్తాడు.
వెనకవి రెండూ కాస్త నయం.

పన్నెండంగుళాల చక్రం.
"ఈ సైజు ఇప్పుడెవులు అడుగుతున్నారమ్మా"
అంటూనే అటకెక్కాడు ఢిల్లేశు.
కింద వరసలో కొత్త బళ్ళ టైర్లు
నా నడుం దాకా ఉన్నాయి.

"ఆల్ సీజన్ మేడమ్. ఎండకీ వానకీ ఇదే."
ఏ ఎండ, నాయుడూ?
రోహిణి కార్తెలో స్టీరింగు మీద తడిగుడ్డ కప్పి
పాఠం చెప్పే ఎండా?
ఏ వాన?
మైదానంలో ముగ్గుతో గీసిన ఎనిమిదంకె
సగం పాఠంలో కొట్టుకుపోయే వానా?
పుష్యమాసం పొద్దున్నే కళింగపట్నం రోడ్డు మీద
ముందు లారీ ఎర్రదీపం
అగరొత్తి నిప్పంత కనిపించే మంచుంటుంది,
దాన్ని ఏ సీజను కింద రాస్తారు మీ కంపెనీవాళ్ళు?
అతను నవ్వి, వేలితో గాడులు చూపించాడు.
నీళ్ళు ఇటు పోతాయి, ఇటు పోతాయి,
గట్టుకి మడవ కొట్టినట్టు.

ఢిల్లేశు దించిన రెండో జత చవక.
పక్కగోడ మీద దుమ్ము తుడిచి నాలుగంకెలు చదివాను.
నలభై ఒకటి, పద్దెనిమిది.
రెండువేల పద్దెనిమిదిలో నలభై ఒకటో వారం.
తిత్లీ వారం.
మందసలో మా పిన్ని జీడితోట
వేళ్ళు ఆకాశానికి చూపిస్తూ పడుకున్న వారం.
అదే వారం, ఎక్కడో, ఒక అచ్చులోంచి
వేడివేడిగా ఊడిపడిందన్నమాట ఇది.
అప్పటినుంచి చీకట్లోనే.
ఒక్క మీటరు నడవలేదు.
అయినా గోరు గుచ్చితే సన్నటి బీటలు.

"రోడ్డెక్కలేదు మేడమ్, కొత్తదే."
రోడ్డెక్కకపోతే వయసు రాదని ఎవరన్నారు?
నలభై రెండేళ్ళొచ్చేదాకా
పక్క సీట్లో కూర్చున్నదాన్ని నేను.
"వద్దు."

బండి ఫిట్‌నెస్ ఇంకో రెండేళ్ళు.
మంచి టైరు ఐదేళ్ళు.
మిగిలిన మూడేళ్ళు ఎవరికి?
నాయుడు అటు తిరిగి కాలిక్యులేటరు నొక్కుతున్నాడు,
ఆ ప్రశ్న తనది కాదన్నట్టు.
రెండే కొంటే? సెకండ్‌హ్యాండ్ అయితే?
ఇవన్నీ రాత్రే ఆలోచించేశాను,
ఇన్సూరెన్సు డబ్బులు వేరే కవర్లో పెడుతూ.
కానీ నా కాలి కింద ఉన్నది ఒక్క అదనపు బ్రేకు.
అది పని చెయ్యాలంటే
నాలుగు అరచేతులంత రబ్బరు
రోడ్డుని పట్టుకోవాలి.
స్టీరింగు దగ్గర వణికే చేతులకి
ఆ సంగతి ఎప్పటికీ తెలియక్కర్లేదు.

"నాలుగూ వెయ్యి.
స్టెప్నీకి పాతవాటిలో వెనకదొకటి ఉంచు."

జాకీ దిగాక
'రత్నం డ్రైవింగ్ స్కూల్' అక్షరాలతో సహా బండి
కొత్త చెప్పులేసుకున్న ముసలమ్మలా
కొంచెం బిడియంగా నిలబడింది.
టైర్ల నిండా సన్నటి రబ్బరు నూగు,
పదో తరగతి కుర్రాడి మీసంలా.
ఢిల్లేశు దాన్ని వేళ్ళతో నిమిరి అన్నాడు,
"రెండ్రోజులుంటాదమ్మా. తర్వాత అరిగిపోద్ది."

సాయంత్రం ఐదున్నర క్లాసు భాగ్యలత టీచరుది.
"కొత్త టైర్లా! అయ్యో, జాగ్రత్తగా తిప్పుతాను" అంది.
తిప్పింది కూడా,
ఏడు రోడ్ల దాకా.

అక్కడ ఎడమవైపు నుంచి
అదే పాత చప్పుడు.
కాకపోతే కొంచెం మెత్తగా.